పడే చోటు చూపిస్తేనే ఎగరనిస్తారు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, గోదావరి ఒడ్డున బాబ్లీ అని ఒక ఊరుంది. దాని పేరు తెలుగు పత్రికల్లో ఏటా రెండుసార్లు తప్పకుండా వస్తుంది. జులై 1న బ్యారేజీ 14 గేట్లు ఎత్తినప్పుడు ఒకసారి, అక్టోబరు 28 దాటాక దించినప్పుడు మరోసారి. గేట్లు మహారాష్ట్రవి, కట్టిన చోటూ మహారాష్ట్రదే, ఖర్చూ వాళ్లదే. అయినా ఎత్తే రోజున కేంద్ర జలసంఘం అధికారి రావాలి, తెలంగాణ ఇంజినీర్లు పక్కనుండి చూడాలి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అలా కట్టడి చేసింది. వాడుకునే నీరు 2.74 టీఎంసీలు మించకూడదు, వానాకాలమంతా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి, ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయో లేదో ముగ్గురు సభ్యుల కమిటీ చూసుకోవాలి. ఎగువవాడి గేట్ల మీద దిగువవాడికి ఈ హక్కు ఎందుకంటే, అక్కడ తేడా వస్తే ఎండేది శ్రీరాంసాగర్ ఆయకట్టు పొలం.

ప్రైవేటు రాకెట్ల మీద ప్రభుత్వాల పెత్తనమంతా ఇదే తర్కం మీద నడుస్తుంది. ఒక్కటే ఇబ్బంది. నదికి దిగువ ఏదో అందరికీ తెలుసు. రాకెట్టుకు దిగువ భూగోళం మీద ఎక్కడైనా ఉండొచ్చు.

2022 ఏప్రిల్ 2న మనకు ఉగాది, మరాఠీవాళ్లకు గుడి పాడ్వా. చీకటి పడ్డాక ఆకాశంలో నిప్పు చారలు కనిపించాయి. బాబ్లీకి ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, చంద్రాపూర్ జిల్లా సిందేవాహీ తాలూకాలోని లాడ్‌బోరీ అనే పల్లెలో రెండు మూడు మీటర్ల వ్యాసమున్న లోహపు వలయం ఒకటి ఖాళీ జాగాలో దబ్బున పడింది. చుట్టుపక్కల ఊళ్లలో లోహపు గోళాలూ దొరికాయి. చైనా 2021 ఫిబ్రవరిలో పంపిన లాంగ్‌మార్చ్-3బి రాకెట్ మూడో దశ శకలాలు అవి అని నిపుణులు తేల్చారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. అదే వలయం పది అడుగులు పక్కకు జరిగి ఒక ఇంటి మీద పడి ఉంటే, ఆ కుటుంబం ఎవరిని అడగాలి?

దీనికి జవాబు ముందే రాసి ఉంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం, ఒక దేశపు ప్రైవేటు సంస్థ అంతరిక్షంలో చేసే ప్రతి పనికీ ఆ దేశ ప్రభుత్వమే బాధ్యత వహించాలి. ముందుగా అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండాలి. 1972 నాటి బాధ్యతా ఒప్పందం ఇంకో మెట్టు ఎక్కింది. నేల మీద నష్టం జరిగితే తప్పు ఎవరిదన్న వాదనే అక్కర్లేదు, ప్రయోగించిన దేశం పరిహారం ఇవ్వాల్సిందే. భారత్ ఈ రెండు ఒప్పందాల్లోనూ ఉంది. దీన్ని గట్టిగా వాడుకున్న దేశం కెనడా. అణు రియాక్టరుతో తిరిగే సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 1978 జనవరిలో కెనడా ఉత్తర ప్రాంతాల మీద ముక్కలై రాలింది. శుభ్రం చేసిన ఖర్చు కింద కెనడా 60 లక్షల డాలర్లు అడిగింది. 1981లో మాస్కో 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. సగమే అయినా, వచ్చింది.

హైదరాబాద్‌లోని ఒక స్టార్టప్ తయారు చేసిన రాకెట్టుకు ఢిల్లీ అనుమతి ఎందుకు కావాలో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అది ఎక్కడో పడితే బిల్లు కంపెనీకి రాదు, భారత ప్రభుత్వానికి వస్తుంది.

ఆ స్టార్టప్ స్కైరూట్ ఏరోస్పేస్. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో దాన్ని మొదలుపెట్టారు. వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18 ఉదయం 11:30 గంటలకు శ్రీహరికోట నుంచి లేచింది. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు, ఒకే దశ, కలాం-80 అనే ఘన ఇంధన మోటారు. మోసుకెళ్లిన మూడు పేలోడ్లలో ఒకటి ఆర్మేనియాది, ఒకటి చెన్నైది, మరొకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్‌స్పేస్‌టెక్ వాళ్లది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, తీరానికి 121 కిలోమీటర్ల అవతల బంగాళాఖాతంలో పడింది. మొత్తం ఐదు నిమిషాల సంబరం. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదలు. దానికి అనుమతి ఇచ్చింది ఇన్‌స్పేస్, అంటే అంతరిక్ష శాఖ కింద ఉండే స్వయంప్రతిపత్తి సంస్థ. 2020 జూన్ 24న కేంద్ర మంత్రివర్గం దాని ఏర్పాటుకు ఒప్పుకుంది, 2022 జూన్‌లో అహ్మదాబాద్‌లోని బోపల్‌లో ప్రధాన కార్యాలయం ప్రారంభమైంది.

ఆ ప్రయోగాన్ని మొదట నవంబరు 15న అనుకున్నారు. వాతావరణం బాగోలేక మూడు రోజులు వాయిదా వేశారు. మేఘాలుంటే రాకెట్టుకేమిటి అనిపించవచ్చు. ఇలాంటి చిన్న రాకెట్ల విషయంలో అసలు తగాదా గాలితో. పెద్ద రాకెట్లు దారి తప్పుతున్నామని తెలిస్తే నాజిల్ కాస్త పక్కకు తిప్పి దిశ సరిచేసుకుంటాయి. సౌండింగ్ రాకెట్ తరహావి తమ చుట్టూ తాము గిర్రున తిరుగుతూ, ఆ తిరుగుడు ఇచ్చే నిలకడతోనే వెళ్తాయి. విక్రమ్-ఎస్‌కు ఆ తిరుగుడు ఇవ్వడానికే నాలుగు చిన్న మోటార్లు పెట్టారు. లాంచర్ వదిలిన మొదటి క్షణాల్లో రాకెట్ వేగం ఇంకా తక్కువ. ఆ సమయంలో పక్కనుంచి గాలి కొడితే తోక రెక్కల మీద ఒత్తిడి పడి తోక గాలి వాలుకు జరుగుతుంది, ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. గాలి తోసిన వైపు కాకుండా ఎదురు వైపు పోతుందన్నమాట. ముక్కు ఒకటి రెండు డిగ్రీలు తిరిగితే పడే చోటు కిలోమీటర్ల లెక్కన మారిపోతుంది. అందుకే ప్రయోగానికి ముందు బెలూన్లు వదిలి ఏ ఎత్తులో ఎంత గాలి ఉందో కొలిచి, లాంచర్ వాలునూ దిక్కునూ దానికి తగ్గట్టు సర్దుతారు. సర్దినా సరిపోనంత గాలి ఉంటే ఆ రోజుకు ఆపేస్తారు.

అనుమతి ఇచ్చేవాళ్లు అసలు ఏం లెక్క చూస్తారు? రాకెట్ వెళ్లే దారిలో ప్రతి క్షణానికీ ఒకటే ప్రశ్న వేసుకుంటారు: ఈ క్షణంలోనే ఇంజిన్ ఆగిపోతే ఇది ఎక్కడ పడుతుంది? ఆ చోటును మ్యాపు మీద చుక్కగా పెడతారు. రాకెట్ లేచిన కొత్తలో ఆ చుక్క లాంచ్‌ప్యాడ్ పక్కనే మెల్లగా పాకుతుంది. వేగం పెరిగేకొద్దీ పరుగెడుతుంది. కక్ష్యకు చేరే రాకెట్ విషయంలో చివరి సెకన్లలో ఖండాలు దాటి, కక్ష్య వేగం అందగానే మాయమైపోతుంది, ఎందుకంటే ఇక అది వెంటనే పడదు. ఆ చుక్క నడిచిన గీతను ముక్కలు ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కకూ అక్కడ విఫలమయ్యే అవకాశం ఎంత, శకలాలు ఎంత మేర చెదురుతాయి, అక్కడ చదరపు కిలోమీటరుకు ఎంత మంది ఉంటారు అన్న మూడింటినీ గుణిస్తారు. అన్నీ కలిపితే ఆ ప్రయోగం వల్ల ఎంత మందికి ప్రాణహాని గానీ తీవ్ర గాయాలు గానీ జరగొచ్చో ఒక అంచనా వస్తుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఈ అంకె పదివేలలో ఒకటి మించకూడదంటుంది. ప్రయోగంతో సంబంధం లేని ఏ ఒక్క మనిషికైనా ముప్పు పదిలక్షల్లో ఒకటి దాటకూడదు.

ఈ గుణింతంలో మొదటి అంకె, అంటే విఫలమయ్యే అవకాశం, కొత్త రాకెట్టుకు ఎప్పుడూ పెద్దదే. మన ఇస్రోనే చూడండి. ఎస్ఎల్‌వి-3 తొలి ప్రయోగం 1979లో విఫలమైంది. ఏఎస్ఎల్‌వి 1987లో, పీఎస్ఎల్‌వి 1993లో, ఎస్ఎస్ఎల్‌వి 2022 ఆగస్టులో, అన్నీ మొదటిసారి దెబ్బతిన్నవే. దశాబ్దాల అనుభవమున్న సంస్థ పరిస్థితే ఇదైతే నాలుగేళ్ల కంపెనీ రాకెట్ పడిపోదని ఎవరూ సంతకం పెట్టరు. కాబట్టి అనుమతి కాగితం రాకెట్ మీద నమ్మకంతో పుట్టదు. పడుతుందనే అనుకుని, పడితే మనుషులుండని చోట పడేలా మూడో అంకెను సున్నాకు దగ్గరగా తెచ్చాక పుడుతుంది. శ్రీహరికోట గొప్పతనం అక్కడే ఉంది. సూళ్లూరుపేట దాటి పులికాట్ మీదుగా వెళ్తే వచ్చే ఆ దీవికి తూర్పున అంతా సముద్రమే. ప్రయోగానికి ముందు ఓడలకు హెచ్చరికలు వెళ్తాయి, విమానాలకు నోటామ్ అనే హెచ్చరిక జారీ అవుతుంది, మత్స్యకారులు ఆ పూట వేటకు ఆ వైపు పోకూడదు. మన రాకెట్ పండగకు వాళ్లు కట్టే చందా అది. టీవీలో కౌంట్‌డౌన్ చూసేవాళ్లకు అది కనిపించదు.

దక్షిణం వైపు మాత్రం శ్రీలంక అడ్డం. ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్ఎల్‌వి తిన్నగా వెళ్లకుండా శ్రీలంకను తప్పించుకుంటూ గాలిలో మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. పెద్ద రాకెట్ ఓర్చుకుంటుంది గానీ, మోసేదే కొద్ది వందల కిలోలయిన చిన్న రాకెట్టుకు అది చావుదెబ్బ. అందుకే తమిళనాడు కొసన కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడినుంచి దక్షిణంగా అంతా నీళ్లే.

లెక్క ఎంత బాగున్నా రాకెట్ మాట వినకపోతే? ఆఖరి ఉపాయం దాన్ని ముక్కలు చేయడమే. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వి-ఎఫ్06 లేచిన నిమిషంలోపే అదుపు తప్పింది. కనెక్టర్లు ఊడిపోయి, నియంత్రణ ఆదేశాలు కింది దశకు అందలేదు. నిమిషం దాటుతుండగా రేంజ్ సేఫ్టీ అధికారి పేల్చివేత ఆదేశం ఇచ్చారు. శకలాలు సముద్రంలో పడ్డాయి. ఆ మీట నొక్కే అధికారం రాకెట్ కట్టినవాళ్ల చేతిలో ఉండకూడదన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. ఏళ్ల తరబడి కష్టపడినవాడికి ఇంకో రెండు సెకన్లు చూద్దాం అనిపిస్తుంది, ఆ రెండు సెకన్లే ప్రమాదం. చెన్నైకి చెందిన అగ్నికుల్ 2024 మే 30న అగ్నిబాణ్ సార్టెడ్ ప్రయోగించినప్పుడు లాంచ్‌ప్యాడ్ వాళ్ల సొంతం, త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన ఇంజిన్ సొంతం, కానీ పేల్చివేత వ్యవస్థ ఇస్రోది. అంతకుముందు ఆ రాకెట్టును చాలాసార్లు చివరి ఘడియల్లో ఆపారు. అలా ఆపినప్పుడల్లా సోషల్ మీడియాలో ఎగతాళి చేసినవాళ్లున్నారు. నాకైతే ఆ ఆపడాలే మెచ్చుకోదగ్గవి అనిపించాయి.

పరీక్ష అంటే ఎగరడమే కాదు. మోటారును నేలకు కట్టేసి మండించి చూడటం కూడా పరీక్షే, దానికి ఇంధనం సిద్ధం చేయడంలోనూ ప్రాణాలు పోతాయి. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు చనిపోయారు. ఘన ఇంధనం చట్టం కళ్లకు పేలుడు పదార్థమే కాబట్టి తయారీ, నిల్వ, రవాణా అన్నింటికీ వేర్వేరు అనుమతులుంటాయి. స్కైరూట్ తన తొలి ఘన మోటారు కలాం-5ను 2020 డిసెంబరులో పరీక్షించింది నాగ్‌పూర్‌లో, పేలుడు పదార్థాలు తయారు చేసే సోలార్ ఇండస్ట్రీస్ ఆవరణలో. పెద్దవాటికి మళ్లీ శ్రీహరికోటే దిక్కయింది. కలాం-250ని 2024 మార్చిలో అక్కడ 85 సెకన్లు మండించారు. కట్టేసిన రాకెట్ కట్టు తెంచుకుంటే ఏమవుతుందో అదే ఏడాది జూన్ 30న చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చూశారు. స్పేస్ పయనీర్ అనే ప్రైవేటు కంపెనీ తియాన్‌లాంగ్-3 మొదటి దశను స్టాండుకు బిగించి మండిస్తే, బిగింపు విరిగి అది ఏకంగా ఎగిరిపోయింది. గోంగ్‌యీ పట్టణం పక్క కొండల్లో కూలి పేలింది. ప్రాణనష్టం లేకపోవడం ఆశ్చర్యం. ఎగరని రాకెట్టుకు ఎగిరే రాకెట్టుకున్నంత ఖాళీ స్థలం ఎందుకో ఆ వీడియో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంత వ్యవస్థ ఉన్న అమెరికాలోనూ మొదట్లో అంతా గందరగోళమే. 1982 సెప్టెంబరు 9న టెక్సస్ తీరంలోని మాటగోర్డా దీవి నుంచి కోనెస్టోగా-1 అనే ప్రైవేటు రాకెట్ లేచింది. అప్పటికి ప్రైవేటు రాకెట్టుకు ఎవరు అనుమతి ఇవ్వాలో ఆ దేశంలో ఎవరికీ తెలీదు. కంపెనీవాళ్లు ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగారు. చివరికి విదేశాంగ శాఖ నుంచి ఆయుధాల ఎగుమతి లైసెన్సు కూడా తెచ్చుకున్నారు, రాకెట్ దేశం దాటి సముద్రంలో పడుతుంది కాబట్టి అది ఎగుమతేనట! ఆ అనుభవంతోనే 1984లో వాణిజ్య ప్రయోగాల చట్టం వచ్చి ఒకే కిటికీ ఏర్పడింది. ఆ కిటికీకి పళ్లున్నాయో లేవో స్పేస్‌ఎక్స్ పదేపదే పరీక్షిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో స్టార్‌షిప్ ఎస్‌ఎన్8 నమూనాను లైసెన్సు షరతు మీరి ఎగరేసింది. 2023 ఏప్రిల్ 20న పూర్తి స్టార్‌షిప్ అదుపు తప్పినప్పుడు స్వయంచాలక పేల్చివేత ఆదేశం వెళ్లినా రాకెట్ ముక్కలవడానికి నలభై సెకన్ల దాకా పట్టింది. లాంచ్‌ప్యాడ్ కాంక్రీటు చెల్లాచెదురైంది. ఎఫ్ఏఏ 63 దిద్దుబాట్లు చేయమంది, మళ్లీ ఎగరడానికి నవంబరు వచ్చింది. 2024లో వేరే ప్రయోగాల ఉల్లంఘనలకు ప్రతిపాదించిన జరిమానా 6,33,009 డాలర్లు. ఆ కంపెనీకి అది ఏ మూలకు?

అయినా జరిమానా ప్రతిపాదించడానికి అక్కడ ఒక చట్టం ఉంది. మన దగ్గర ఆ మెట్టు ఇంకా ఎక్కలేదు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017 నవంబరులో ప్రజల ముందు పెట్టారు. అనుమతి లేకుండా అంతరిక్ష కార్యకలాపం చేస్తే జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా అని అందులో ఉంది. అది చట్టం కాలేదు. విక్రమ్-ఎస్ ఎగిరిన నాటికి అంతరిక్ష విధానం కూడా లేదు, అది 2023 ఏప్రిల్‌లో వచ్చింది. విధానాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే మార్గదర్శకాలు 2024 మేలో వచ్చాయి. ముందు రాకెట్, తర్వాత విధానం, ఆ తర్వాత నియమాలు, చట్టం ఎప్పుడో. మార్గదర్శకాలు చెడ్డవి కావు. కక్ష్యకు చేరని ప్రయోగానికి కూడా అనుమతి తప్పనిసరి చేశాయి, దరఖాస్తు తేల్చడానికి సాధారణంగా 75 నుంచి 120 రోజులని గడువూ చెప్పాయి. కానీ మార్గదర్శకం అనుమతిని రద్దు చేయగలదు తప్ప ఎవరినీ జైలుకు పంపలేదు. అనుమతే తీసుకోనివాడిని అది ఏం చేస్తుంది? బాబ్లీ గేట్ల వెనక కనీసం సుప్రీంకోర్టు ఉంది.

ఇన్నాళ్లూ ఇది పెద్దగా నొప్పి తెలియకపోవడానికి కారణం శ్రీహరికోట. ప్రయోగ స్థలం ఇస్రోది, రాడార్లు ఇస్రోవి, పేల్చివేత మీట ఇస్రోది. ఇన్‌స్పేస్ కాగితం మీద ఏం రాసినా గేటు దగ్గర ఆపగలిగేవాళ్లు ఇస్రోవాళ్లే. భద్రత వరకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. న్యాయం సంగతికొస్తే మాత్రం మనసొప్పదు. స్కైరూట్ తయారు చేస్తున్న విక్రమ్-1 మార్కెట్లో పోటీ పడేది ఇస్రో ఎస్ఎస్ఎల్‌వి తరగతితోనే. అనుమతించే సంస్థ, స్థలం ఇచ్చే సంస్థ, పోటీ రాకెట్ కట్టిన సంస్థ మూడూ ఒకే అంతరిక్ష శాఖ కప్పు కింద ఉన్నాయి. ఇప్పటివరకు పెద్దమనుషుల్లా నడుచుకున్నారు. కానీ వాళ్ల మంచితనం మీదే ఆధారపడ్డ ఏర్పాటును నియంత్రణ అనలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. విక్రమ్-ఎస్ వెళ్లింది 89.5 కిలోమీటర్లు. అంతరిక్షం వంద కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని కొందరు, 80 దగ్గరే అని అమెరికన్లు అంటారు. ఒప్పందాల్లో ఎక్కడా ఆ గీత గీయలేదు. అంటే పైన చెప్పిన బాధ్యతా ఒప్పందం ఆ ఐదు నిమిషాల ప్రయాణానికి వర్తిస్తుందా అని ఇద్దరు లాయర్లను అడిగితే రెండు జవాబులు వస్తాయి. కక్ష్యకు వెళ్లే విక్రమ్-1 లాంటి వాటికి ఆ సందేహం ఉండదు. వర్తిస్తుంది, మొత్తంగా వర్తిస్తుంది.

అప్పుడు డబ్బు లెక్క తేలాలి. అమెరికాలో కంపెనీ ఇతరులకు కలిగే నష్టానికి గరిష్ఠంగా 50 కోట్ల డాలర్ల దాకా బీమా చేయించాలి, ఆ పైన చట్టం చెప్పిన మేరకు ప్రభుత్వం ఆదుకుంటుంది. ఫ్రాన్స్ 2008 చట్టంలో ఇలాంటి హద్దు పెట్టుకుంది. మన దేశంలో పార్లమెంటు ఆమోదించిన హద్దు ఏదీ లేదు. నష్టపరిహారం కింద ప్రభుత్వం ఎంత కడితే అంత కంపెనీ దగ్గర రాబట్టుకోవచ్చు అంటే చిన్న స్టార్టప్ ఒక్క ప్రమాదంతో మూతపడుతుంది. కంపెనీ బాధ్యతకు హద్దే లేకుండా ఖజానా భరిస్తుందంటే పన్ను కట్టేవాడికి అన్యాయం. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక అంకె పెట్టాలి, ఆ పని చేయాల్సింది పార్లమెంటు. ఒక్కసారి కూడా కక్ష్యకు వెళ్లని రాకెట్టుకు ప్రీమియం ఎంతో చెప్పమంటే బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది కూడా ఆ అంకెనే.